క్యాసెట్టు మోసిన గొంతులు

పాట ప్రయాణం: తొమ్మిదో భాగం

గ్రామఫోను పళ్లెం కథతో గత భాగం ముగిసింది. పళ్లెం మీదికి ఎవరి పాట ఎక్కాలో కంపెనీ తేల్చేది. రేడియోలో ఎవరి పాట వినిపించాలో ప్రభుత్వం తేల్చేది. జనానికి మిగిలింది వినడం ఒక్కటే. ఈ ఏర్పాటును కదిలించింది అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా. 1963 ఆగస్టులో బెర్లిన్‌లో జరిగిన రేడియో ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ దాన్ని లోకానికి చూపించింది. లూ ఒటెన్స్ అనే ఇంజనీరు బృందం రూపొందించిన ఆ కాంపాక్ట్ క్యాసెట్టును ఇతర కంపెనీలు కూడా రుసుము కట్టకుండా తయారుచేసుకునేందుకు ఫిలిప్స్ ఒప్పుకుంది. అందువల్ల ఏ దేశంలో కొన్న టేపైనా ఏ దేశపు యంత్రంలోనైనా తిరిగింది. ధరలు దిగివచ్చాయి.

అసలు మార్పు ధరలో లేదు. పళ్లెం పాటను వినిపించగలదు, అంతవరకే. క్యాసెట్టు రికార్డు కూడా చేస్తుంది. మీట నొక్కితే ఎదుటి మనిషి గొంతును పట్టుకుంటుంది, నచ్చకపోతే చెరిపి మళ్లీ రాసుకుంటుంది, పక్కన ఇంకో యంత్రం పెడితే తనలాంటి మరో టేపును ఇస్తుంది. స్టూడియో లేనివాళ్లకు, రేడియోలో చోటు దొరకనివాళ్లకు మొదటిసారి ఒక దారి దొరికింది. ఆ దారిన ప్రయాణించిన ఆడగొంతుల కథలు రెండు ఈ భాగంలో ఉన్నాయి. ఒకటి చైనా భాష మాండరిన్‌లో పాడిన మహా తారది. రెండోది జహీరాబాద్ పల్లెల్లో పొలం పనుల మధ్య పాడుకున్న స్త్రీలది.

పగలు పెద్ద డెంగ్, రాత్రి చిన్న డెంగ్

తెరెసా టెంగ్ అసలు పేరు డెంగ్ లిజున్. 1953 జనవరి 29న తైవాన్‌లోని యున్లిన్ జిల్లాలో పుట్టింది. తండ్రి చైనా అంతర్యుద్ధంలో ఓడి తైవాన్‌కు తరలివచ్చిన జాతీయవాద సైన్యంలో ఉద్యోగి. సిపాయి కుటుంబాల వాడలో పెరిగిన ఆ పిల్ల పదేళ్ల వయసుకే పాటల పోటీల్లో బహుమతులు తెచ్చుకుంది. 1967లో, పద్నాలుగేళ్లకు, మొదటి రికార్డు విడుదలైంది. 1974లో జపాన్‌లో అడుగుపెట్టి అక్కడి భాషలోనూ పాడి పేరు తెచ్చుకుంది. 1970ల చివరికి హాంకాంగ్, సింగపూర్, మలేసియాల్లో చైనా భాష మాట్లాడే ఇళ్లన్నిటా ఆమె గొంతు వినిపించేది.

ఆ గొంతు చేరకూడని చోటు ఒకటుంది. అది చైనా ప్రధాన భూభాగం. సాంస్కృతిక విప్లవం సాగిన 1966 నుంచి 1976 వరకు అక్కడి జనం విన్నవి ఎక్కువగా విప్లవ గీతాలు, అధికారులు ఎంపికచేసిన కొద్దిపాటి ఆదర్శ నాటకాల పాటలు. ఊరూరా తీగలతో బిగించిన లౌడ్‌స్పీకర్లు ఉదయం నుంచి అవే మోగించేవి. బృందగానం, ఎత్తైన శ్రుతి, పిడికిలి బిగించిన ఉత్సాహం. తెరెసా పాడే తీరు దీనికి పూర్తిగా భిన్నం. మైకుకు దగ్గరగా, ఊపిరి కూడా వినిపించేంత మెల్లగా, ఒక్క మనిషితో మాట్లాడుతున్నట్టు పాడుతుంది. అందులో ‘మనం’ లేదు. ‘నువ్వు’, ‘నేను’ ఉన్నాయి. ఆ తేడాయే శ్రోతల్ని కట్టిపడేసింది, అధికారుల్ని కలవరపెట్టింది.

1978 తర్వాత చైనా అగ్రనేత డెంగ్ జియావోపింగ్ సంస్కరణలతో తలుపులు కొద్దిగా తెరుచుకున్నాయి. హాంకాంగ్ నుంచి దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఉన్న చుట్టాల ఇళ్లకు వచ్చేవాళ్లు జపాన్ టేపురికార్డర్లు మోసుకొచ్చారు. వాటితోపాటు తెరెసా టేపులూ వచ్చాయి. ఒక టేపు నుంచి మరో టేపు, దాని నుంచి ఇంకొకటి. నకలు మీద నకలు తీసేకొద్దీ గరగర పెరిగేది, గొంతు పల్చబడేది. అయినా వినడం ఆగలేదు. విని విని పాట మాటల్ని చేత్తో రాసుకుని పంచుకునేవారు. కొందరు రాత్రిపూట షార్ట్‌వేవ్ రేడియోల్లో తైవాన్ కేంద్రాలను పట్టుకునేవారు. నేత, గాయని ఇద్దరి ఇంటిపేరూ ఒకటే కావడంతో పగలు పెద్ద డెంగ్ మాట, రాత్రి చిన్న డెంగ్ పాట అనే నానుడి అప్పుడు పుట్టింది.

ప్రభుత్వానికి ఇది నచ్చలేదు. అశ్లీల గీతాలను గుర్తుపట్టడం ఎలాగో నేర్పే పుస్తకాన్ని 1982లో ప్రభుత్వ సంగీత ప్రచురణ సంస్థే అచ్చువేసింది. 1983 చివర్లో ‘ఆధ్యాత్మిక కాలుష్యం’ మీద ఉద్యమం నడిచింది. తెరెసా మళ్లీ పాడిన ఒక పాత పాటకైతే అప్పటికే దీర్ఘ చరిత్ర ఉంది. 1937లో షాంఘై సినిమా కోసం ఝౌ షువాన్ పాడిన ఆ వీడ్కోలు పాటను జపాన్ ఆక్రమణదారులూ, జాతీయవాదులూ, కమ్యూనిస్టులూ ఎవరి కారణాలతో వాళ్లు అనుమానించారు.

తైవాన్‌లో అప్పుడు స్వేచ్ఛ వెల్లివిరిసిందని అనుకోరాదు. 1949 నుంచి 1987 దాకా అక్కడ మార్షల్ లా అమల్లో ఉంది. పాటల మీద సెన్సారు అక్కడా నడిచింది. తైవాన్ ప్రభుత్వం తెరెసాను సైనిక శిబిరాలకు తీసుకెళ్లి పాడించింది. చైనా తీరానికి ఎదురుగా ఉన్న కిన్‌మెన్ దీవిలో 1967లో కట్టిన ప్రసార గోడలో 48 లౌడ్‌స్పీకర్లు ఉన్నాయి. నీళ్లకు అవతలి ఒడ్డున ఉన్నవారికి తెరెసా గొంతును వినిపించిన యంత్రాల్లో అదీ ఒకటి. ఇరు ప్రభుత్వాలూ తమ తమ లెక్కల్లో వాడుకున్న ఆ గొంతును సామాన్యుడు మాత్రం తన కోసమే దాచుకున్నాడు.

వెయ్యేళ్ల కవిత్వం, పన్నెండు పాటలు

ఇంత ప్రజాదరణ ఉన్న గాయని 1983 ఫిబ్రవరిలో హాంకాంగ్ పాలిడోర్ సంస్థ ద్వారా ఎవరూ ఊహించని ఆల్బమ్ తెచ్చింది. పేరు ‘దన్ దన్ యౌచింగ్’. ఇందులో పన్నెండు పాటలు. మాటలన్నీ పదో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం మధ్య జీవించిన కవులవి. రాజ్యం పోగొట్టుకుని బందీగా మరణించిన దక్షిణ తాంగ్ చివరి పాలకుడు లి యూ కవితలు మూడున్నాయి. తమ్ముడిని తలుచుకుంటూ 1076లో శరత్పూర్ణిమ నాడు సు షి రాసిన కవిత ఉంది. వేశ్యావృత్తిలో జీవించిన నియె షెంగ్‌చియోంగ్ అనే కవయిత్రి విరహ కవిత కూడా ఉంది.

తెలుగు పాఠకుడు ఈ పని విలువను సులువుగా అందుకోగలడు. సోంగ్ రాజవంశ కాలపు కవులు ఈ కవితల్ని అప్పటికే ప్రచారంలో ఉన్న బాణీలకు మాటలుగా రాశారు. కాలక్రమంలో ఆ బాణీలు దాదాపు అన్నీ పోయాయి, మాటలు మిగిలాయి. తాళ్లపాక అన్నమాచార్యుల కీర్తనలకూ అదే జరిగింది. తిరుమల రాగిరేకుల మీద పదమూ రాగం పేరూ నిలిచాయి, పాడిన వరస మాత్రం దక్కలేదు. ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, ఆ తర్వాత నేదునూరి కృష్ణమూర్తి వంటివారు కొత్తగా వరసలు కట్టారు. 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానాల కోసం ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన ‘బాలాజీ పంచరత్నమాల’ రికార్డులతో అవి గడప గడపకూ చేరాయి. తెరెసా ఆల్బమ్ అలాంటిదే. లియాంగ్ హోంగ్‌జీ వంటి సమకాలీన స్వరకర్తలు గిటారు, పియానో, తీగవాద్యాల మధ్య ఆ పాత మాటల్ని నిలబెట్టారు.

బడిలో పాఠంగా చదివి మరిచిపోయిన కవితలు ఈ టేపుతో నోటికి తిరిగి వచ్చాయి. సు షి కవితకు లియాంగ్ కట్టిన బాణీని తర్వాతి తరం గాయని ఫే వాంగ్ 1995లో మళ్లీ పాడింది. ఇవాళ చైనా భాష మాట్లాడేచోట శరత్పూర్ణిమ పండుగ వేడుకల్లో వినిపించేది ఎక్కువగా ఆ బాణీయే. తెరెసాను వట్టి తీపి పాటల గాయనిగా లెక్కగట్టినవారికి ఈ ఆల్బమే గట్టి జవాబు. 1995 మే 8న థాయిలాండ్‌లోని చియాంగ్ మైలో ఉబ్బసం తీవ్రమై 42 ఏళ్లకే ఆమె కన్నుమూసింది. కోట్లమంది తన టేపులు విన్న చైనా ప్రధాన భూభాగంలో ఒక్క కచేరీ కూడా చేయకుండానే వెళ్లిపోయింది.

మన ఆకాశానికీ తాళమే

భారతదేశంలో పాట పాడినందుకు రేడియో మూతపడలేదు. అయితే గాలిలోకి గొంతు పంపే హక్కు మాత్రం పౌరుల చేతిలో లేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఆ అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది. స్వాతంత్ర్యం తర్వాతా చట్టం అదే, ఆకాశవాణి గుత్తాధిపత్యమూ అదే. 1952లో సమాచార మంత్రి బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు కోతపెడితే శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. అదే కేంద్రం నుంచి మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపించిన రోజులు పాత తరానికి ఇప్పటికీ గుర్తే. చివరికి ఆకాశవాణే దిగివచ్చి 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలుపెట్టింది.

1980లు వచ్చేసరికి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు తెచ్చిన టూ-ఇన్-వన్‌లు తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో మోగాయి. టి-సిరీస్ వంటి సంస్థలు టేపుల ధర తగ్గించాయి. బతుకమ్మ పాటలు, ఒగ్గుకథలు, భజనలు బస్టాండు దుకాణాల్లో దొరికాయి. చిన్న పట్నంలోని కళాకారుడికి మద్రాసు వెళ్లే అవసరం తగ్గింది. అయినా సొంత భూమి లేని, చదువురాని, ఊరికి దూరంగా విసిరేసిన వాడల్లో ఉండే స్త్రీకి ఈ మార్కెట్టూ అందలేదు. ఆమె పాట కొనేవాళ్లు ఎవరన్నది దుకాణదారు ప్రశ్న.

మాచునూర్ టేపులు

హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది జహీరాబాద్. తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ కలిసి వినిపించే ఊరు. చుట్టూ ఎర్రనేలలు, వాటి మధ్య నల్లరేగడి. తెరెసా ఆల్బమ్ వచ్చిన 1983లోనే ఈ ప్రాంతంలోని పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని మొదలుపెట్టింది. దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసిన పి.వి. సతీశ్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. సుమారు 75 ఊళ్లలో, దాదాపు 5,000 మంది స్త్రీలు సంఘాలుగా ఏర్పడ్డారు. వాళ్లలో అత్యధికులు దళితులు.

ఆ స్త్రీలు మొదట చేసింది విత్తనం పని. బీడు పడిన భూముల్ని సాగులోకి తెచ్చి జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, అనుములు కలిపి వేశారు. ఊరూరా విత్తనాలు దాచారు. ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో ఆ గింజల్ని ఎడ్లబండ్ల మీద ఊరేగిస్తారు. విత్తనంతోపాటే పాట కూడా బయటికి వచ్చింది. నాట్ల పాట, కలుపు పాట, ఇసుర్రాయి పాట, తొట్టెల పాట, పెళ్లి పాట, బతుకమ్మ పాట. ఏ చెల్కలో ఏది విత్తాలి, ఏ పంట పక్కన ఏది పెరుగుతుంది, బాలింతకు ఏం పెట్టాలి అన్న తెలివంతా పాటల్లో పొదిగి ఉంది. మిల్లులొచ్చి ఇసుర్రాయి మూలపడితే ఆ పాటకు సందర్భం పోతుంది. ముసలమ్మ పోతే పాటే పోతుంది.

రేడియో పెట్టుకోవాలన్న కోరిక ఇక్కడినుంచి పుట్టింది. రేడియో చెప్పే వ్యవసాయం ఎరువుల సేద్యం, మాట్లాడే భాష పట్నపు భాష అన్నది సంఘాల స్త్రీల వాదన. తమ పంట గురించి తమ భాషలో తామే మాట్లాడుకోవాలన్నారు. యునెస్కో సాయంతో 1998లో జహీరాబాద్ దగ్గరి మాచునూర్‌లో స్టూడియో సిద్ధమైంది. మైకులు వచ్చాయి, రికార్డింగు యంత్రాలు వచ్చాయి. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు రికార్డింగు, ఎడిటింగు, వ్యాఖ్యానం నేర్చుకున్నారు. అన్నీ ఉన్నాయి, ఒక్క లైసెన్సు తప్ప.

వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ప్రసారం నిషిద్ధం కాబట్టి కార్యక్రమాల్ని టేపుల్లోకి ఎక్కించి, ఆ టేపుల్ని ఊళ్లకు పంపారు. సంఘం కూడిన రాత్రి టేపురికార్డరు మధ్యలో పెట్టి అందరూ వినేవారు. ఒక ఊరి పాట ఇంకో ఊరికి ఇలా చేరింది. పొరుగూరి స్త్రీ చెప్పిన విత్తన విషయం, నాటు వైద్యం, సంఘం ఎదుర్కొన్న తగాదా అన్నీ టేపు మీదే నడిచాయి. చైనా పట్టణాల్లో తెరెసా పాటను మోసిన సాధనమే జహీరాబాద్ పల్లెల్లో ఈ స్త్రీల పాటను పదేళ్లపాటు మోసింది. రెండింటికీ తేడా ఉంది. అక్కడ ఒక్క గొంతును కోట్లమంది నకలు తీసుకున్నారు. ఇక్కడ వందల గొంతులు ఒకదాన్నొకటి విన్నాయి. వింటున్న స్త్రీయే తర్వాతి టేపులో పాడే స్త్రీ.

క్రికెట్ మ్యాచ్ నుంచి 90.4 దాకా

లైసెన్సు కథ వెనక క్రికెట్ ఉంది. 1993 హీరో కప్ మ్యాచ్‌లను విదేశీ సంస్థ ద్వారా ప్రసారం చేయించాలని బెంగాల్ క్రికెట్ సంఘం పూనుకుంది. దూరదర్శన్, కేంద్ర సమాచార శాఖ అడ్డుపడ్డాయి. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1995 ఫిబ్రవరి 9న జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డిల ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజాప్రయోజనం కోసమే వినియోగించాలి అన్నది దాని సారం.

తీర్పు ప్రజల పేరు మీద వచ్చింది. ముందుగా లాభం పొందింది కంపెనీలు. వేలంపాటలు జరిగి 2001లో బెంగళూరులో తొలి ప్రైవేటు ఎఫ్ఎం మొదలైంది. 2000 జూలైలో పస్తాపూర్‌లో సమావేశమైన కార్యకర్తలు, నిపుణులు లాభాపేక్ష లేని స్థానిక రేడియోకు చట్టంలో చోటివ్వాలని ప్రకటన చేశారు. 2002 చివర్లో ప్రభుత్వం విద్యాసంస్థలకు మాత్రం అనుమతినిచ్చింది. 2004 ఫిబ్రవరిలో చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం రేడియో వచ్చింది. క్యాంపస్ దాటి పల్లె వైపు విధానం తిరిగింది 2006 నవంబరులో. స్వచ్ఛంద సంస్థలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చని అప్పుడు తేల్చారు. వార్తలు చెప్పరాదు, గంటకు ఐదు నిమిషాలకు మించి ప్రకటనలు వేయరాదు, కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికులే తయారుచేయాలి అని షరతులు పెట్టారు.

2008 అక్టోబరు 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, మాచునూర్‌లో సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్‌పై పలికింది. ప్రారంభించింది తరంగాల తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్. విద్యాసంస్థలకు వెలుపల దేశంలో మొదలైన తొలి సముదాయ రేడియోగా అది చరిత్రకెక్కింది. ప్రసారం సుమారు 25 కిలోమీటర్ల మేర అందుతుంది. పొలం నుంచి వచ్చి వంట ముగించుకునే వేళకు సరిపడేలా రాత్రి ఏడు నుంచి తొమ్మిది వరకు సమయం పెట్టుకున్నారు. టేపుల్లో దాచిన పాటలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. పదేళ్ల నిరీక్షణలో చేసిన పనే రేడియోకు తొలి నిధి అయింది.

ఇద్దరు నర్సమ్మల పేర్లు ఆ తర్వాత దేశమంతా వినిపించాయి. వాళ్లు నడిపిన రేడియో గాయనీ గాయకుల్ని బయటినుంచి తెచ్చుకోలేదు. ఊళ్లోకి వెళ్లి, వాకిట్లో కూర్చుని రికార్డు చేశారు, లేదా పాడేవాళ్లనే స్టూడియోకు పిలిచారు. వాద్యబృందం లేదు. పాడేవాళ్ల యాస యాసగానే ప్రసారమైంది. ఊరి చివరి వాడ నుంచి వచ్చిన గొంతు ఊరందరి ఇళ్లలో వినిపించింది. కులం గీసిన గీత మీదుగా దాటిన ఆ గొంతు ఈ ప్రాంత సామాజిక చరిత్రలో చెప్పుకోదగిన ఘట్టం. దానికి తగిన చోటు మన సంగీత చరిత్రల్లో ఇంకా దక్కలేదు.

తెరెసా ఆల్బమ్ మూల టేపులు కంపెనీ ఆస్తి. కాలం మారినప్పుడల్లా సీడీగా, డిజిటల్‌గా కొత్త రూపం పొందుతాయి. అందులో వ్యాపారం ఉంది కాబట్టి ఎవరో ఒకరు చూసుకుంటారు. పల్లె స్త్రీల టేపులకు ఆ రక్షణ లేదు. అయస్కాంత టేపు మీది పూత ఏళ్లు గడిచేకొద్దీ రాలుతుంది. తేమ తగిలితే బూజు పడుతుంది. ఒకచుట్ట మీది శబ్దం పక్కచుట్టకు అంటుకుంటుంది. టేపును ఆడించే యంత్రాలే అరుదైపోతున్నాయి. మన ఊళ్లలో, ఆకాశవాణి కేంద్రాల్లో, పరిశోధకుల ఇళ్లలో, స్వచ్ఛంద సంస్థల అల్మారాల్లో ఉన్న జానపద టేపులన్నిటికీ వర్తించే ప్రమాదం ఇది. వాటిని డిజిటల్‌లోకి మార్చి, పాడినామె పేరు, ఊరు, పాట సందర్భం నమోదు చేసే పనిని విశ్వవిద్యాలయాలూ ప్రభుత్వ సాంస్కృతిక శాఖలూ వెంటనే తలకెత్తుకోవాలి. రాగిరేకులు నాలుగు శతాబ్దాలు చీకటి అరలో ఉండి కూడా నిలిచాయి. క్యాసెట్టుకు అంత ఆయుష్షు లేదు.

వచ్చే భాగం: ఇదే ఉమ్మడి మెదక్ జిల్లాలోని తూప్రాన్‌లో పుట్టి, గొంగడి భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన గద్దర్ పాట, జననాట్యమండలి వేదికల నుంచి క్యాసెట్టులోకి ఎలా చేరింది?

(సశేషం)